చూస్తేనే లేచే బోర్డు

“లెగలా. పీకు,” అన్నాడు ఇంజినీరు అన్న.

నేను ఫ్యూజు పీకి చున్నీ కొంగున ముడేసుకున్నాను. గోడకున్న కరెంటు డబ్బాలోకి వంగి లోపలి బోర్డుకి ల్యాప్‌టాప్ కేబుల్ తగిలించాను. ముడి విప్పి ఫ్యూజు మళ్ళీ నొక్కాను. ఒకటి, రెండు, మూడు... ఇరవై లెక్కపెట్టకముందే బోర్డు మీద పచ్చ లైటు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

“ఇప్పుడు లెగిసిందిగా,” అన్నాను.

“నాక్కూడా కళ్ళున్నయ్ తల్లీ.”

“మరి కేబుల్ తీస్తే?”

“తియ్యి, చూద్దాం.”

మళ్ళీ ఫ్యూజు, మళ్ళీ ముడి. కేబుల్ తీసేసి ఫ్యూజు పెట్టాను. ఇరవై అయింది, నలభై అయింది, వంద దాకా లెక్కపెట్టాను. ఎర్ర లైటు ఒక్కటే వెలుగుతోంది. అంటే కరెంటు అందుతోంది. పచ్చది మాత్రం రాలేదు. వెనక కుర్చీలో కూర్చున్న కంప్రెసర్ ఆపరేటరు పెద్దాయన నవ్వాడు.

“మా మనవడు కూడా ఇంతేనమ్మాయ్. వాళ్ళమ్మ పక్కన నిలబడితేనే పుస్తకం తీస్తాడు.”

అప్పటికి పదకొండు దాటింది. సాయంత్రం ఐదింటికి మేమున్న కోల్డ్ స్టోరేజీ షావుకారు వచ్చి బోర్డు చూస్తానన్నాడు. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడబుద్ధి కావడం లేదు. బయట లారీల్లోంచి మిర్చి టిక్కీ బస్తాలు దించుతున్నారు. ఆ ఘాటుకి అరగంటకోసారి ముగ్గురం కలిసి దగ్గుతున్నాం.

మాది నరసరావుపేటలో మోటార్లు చుట్టే షాపు. మాది అంటే నాది కాదు, నేను పనిచేసే షాపు. ఓనరుని ఊళ్ళో అందరూ భాయ్ అంటారు, మా వీధి మనిషి కాబట్టి నేను బాబాయ్ అంటాను. వాళ్ళ తాత కాలం నుంచీ బోరు మోటార్లు చుట్టడం, స్టార్టర్ ప్యానెళ్ళు కట్టడం వాళ్ళ పని. రెండేళ్ళ కిందట దాచేపల్లి నుంచి ఒక కుర్రాడు సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగం మానేసి వచ్చి, “బాబాయ్, కోల్డ్ స్టోరేజీల్లో చలి ఎంతుందో ఫోనుకి మెసేజీ పంపే బోర్డు చేద్దాం” అన్నాడు. అతనే మా ఇంజినీరు అన్న. ఇప్పటికీ రోజూ బస్సులోనే వస్తాడు. వచ్చేసరికి చొక్కా నలిగి, జుట్టంతా దుమ్ముకొట్టుకుని ఉంటుంది.

నేను ఇంటర్లో ఫిజిక్సు తప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు. తర్వాత సెల్‌ఫోన్ రిపేరు షాపులో ఛార్జింగు పిన్నులు మార్చే పనికి కుదిరాను. చీమ కాలంత తీగని కూడా చెయ్యి వణక్కుండా అతికిస్తానని పేరొచ్చింది. అది విని బాబాయ్ పిలిచి, మోటారు కాయిళ్ళకి టేపు చుట్టే పనిలో పెట్టుకున్నాడు. బోర్డు పని మొదలయ్యాక కిటికీ పక్కన ఒక బల్ల వేసి, సోల్డరింగ్ ఐరనూ భూతద్దమూ పెట్టి, “ఇక్కడ కూర్చోవే” అన్నాడు. నా జీవితంలో నాకంటూ వేసిన మొదటి బల్ల అది. ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మకి పదిసార్లు చెప్పుంటాను. పదకొండోసారి చెప్పబోతే అన్నం కంచం నా ముందుకు తోసింది.

బోర్డు అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఫోనులో ఉన్నట్టే దీన్లోనూ ఒక సిస్టం ఉంటుంది, దాన్ని లినక్స్ అంటారు. కరెంటు రాగానే ముందు ఒక చిన్న ప్రోగ్రాం లేస్తుంది. అది మూడు సెకన్లు ఆగి, ఎవరైనా కీబోర్డు మీట నొక్కుతారేమోనని చూస్తుంది. ఎవరూ నొక్కకపోతే లినక్స్‌ని లేపుతుంది. లినక్స్ పూర్తిగా లేచాక పచ్చ లైటు కొట్టుకుంటుంది. ఎవరైనా నొక్కితే అక్కడే ఆగిపోయి, ల్యాప్‌టాప్ తెర మీద ఒక బాణం గుర్తు వేసి, ఏం చెయ్యమంటావని కూర్చుంటుంది. మరమ్మతు చేసేవాళ్ళ కోసం అట్టా పెడతారని అన్న మొదటి వారంలోనే చూపించాడు.

మా వైపు కరెంటు రోజుకి ఎన్నిసార్లు పోయి వస్తుందో ఎవరికీ లెక్కుండదు. అందుకని పోయి వచ్చినప్పుడల్లా బోర్డు దానంతట అది లేవాలి. షాపులో ఎన్నిసార్లు తీసి పెట్టినా లేచింది. ఇక్కడ కోల్డ్ స్టోరేజీలో బిగించిన మర్నాటి నుంచే మొండికేసింది. మూడుసార్లలో రెండుసార్లు పచ్చ లైటు రాదు. మేం వచ్చి కేబుల్ తగిలించి చూస్తే మాత్రం ప్రతిసారీ లేస్తుంది. తెర మీద వరసగా అక్షరాలు పరిగెత్తుతాయి, ఎక్కడా తప్పుండదు.

అన్న ముందు సాఫ్ట్‌వేర్‌ని అనుమానించాడు. మెమరీ కార్డు మార్చాడు, సిస్టం మొత్తం మళ్ళీ ఎక్కించాడు. తేడా లేదు. తర్వాత చానాసేపు గోడకేసి చూసి, “కేబుల్ పెడితేనే లేస్తోందంటే, ల్యాప్‌టాప్ నుంచి ఇంత కరెంటు కేబుల్లోంచి దానికి అందుతోంది. అంటే మన పవరే సరిపోవట్లా. పవర్ పిన్ను దగ్గర యాడో డ్రై సోల్డర్ ఉంది,” అన్నాడు.

డ్రై సోల్డర్ అంటే పైకి అతుక్కున్నట్టే ఉండి లోపల అతుక్కోకపోవడం. అంటే నా చెయ్యి. అన్న నన్నేమీ అనలేదు, నా వైపు చూడను కూడా లేదు. చూడకపోవడమే నాకు గుచ్చుకుంది.

బాబాయ్ మాత్రం మొహం మీదే చెప్పాడు. “ఏమే, మంచి చెయ్యి నీది, కాదన్ను. కానీ ఇది సెల్‌ఫోను కాదు. షావుకారు ముందు మూడుసార్లు తీసి పెడతా. మూడుసార్లూ లెగిస్తే ఇంకో నాలుగు బోర్డులంటున్నాడు. లెగకపోతే ఇక బోర్డులు హైదరాబాదులో మిషన్ మీద చేయిద్దాం. నువ్వు కాయిళ్ళకాడికి పో. జీతం ఏం తగ్గదులే.”

జీతం గురించి ఎవరడిగారు? నా బల్ల పోతుంది. అప్పటికి ఆ పవర్ పిన్నుని మూడుసార్లు ఊడదీసి మూడుసార్లు అతికించాను. భూతద్దంలో చూస్తే అద్దంలా మెరుస్తోంది. అయినా ఇంటికెళ్ళాక అనుమానం, అన్నం తింటుంటే అనుమానం. ఆ రోజు పొద్దున బస్సులో కూర్చుని కూడా బొటనవేలితో చూపుడువేలి గోరు మీద పిన్నులు గీసుకుంటూ వచ్చాను.

ఫ్యూజు సంగతి కూడా చెప్పాలి. మా షాపుకి ఒక పద్ధతి ఉంది. ఏ డబ్బాలో చెయ్యి పెట్టాలన్నా ముందు దాని ఫ్యూజు పీకాలి. పీకి పక్కన పెట్టడం కాదు, జేబులో వేసుకోవాలి. పక్కన పెడితే ఎవడో ఒకడు చూసి, పాపం ఊడిపోయిందే అని పెట్టేస్తాడు. బాబాయ్ కుడిచేతి రెండు వేళ్ళు అట్టా ఒకడు పెట్టేసినందుకే ముడుచుకుపోయాయి. బోర్డు నడిచేది ఐదు వోల్టుల మీదే గానీ, ఆ డబ్బాలో దానికి బెత్తెడు దూరంలోనే మెయిను లైను మూత లేకుండా ఉంది. ఈ పద్ధతి తప్పినవాళ్ళు ఎవరైనా సరే వారం రోజులు షాపు మెట్లెక్కకూడదు. ఒకసారి బాబాయ్ సొంత తమ్ముణ్ణే పంపించేశాడు. నాకు జేబులు లేవు కాబట్టి చున్నీ కొంగున ముడేసుకుంటాను.

పన్నెండున్నరకి అన్న క్యారేజీ తీసుకుని బయట వేపచెట్టు కిందకి వెళ్ళాడు. “నువ్వూ రా, తిను,” అన్నాడు. “నాకాకలి లేదు, నువ్వెళ్ళు” అన్నాను. బోర్డు అప్పుడు కూడా పచ్చ లైటు వెయ్యకుండా కూర్చుని ఉంది. దాన్ని చూస్తుంటే మా మేనత్త అలిగి గోడవైపు తిరిగి పడుకున్నట్టుంది. ఏం కావాలో చెప్పదు, అడిగితే ఏం లేదంటుంది.

“నీకేందే అసలు?” అన్నాను పైకే.

“నన్నేనా అమ్మాయ్?” అన్నాడు ఆపరేటరు పెద్దాయన.

“మిమ్మల్ని కాదు పెదనాన్నా, దీన్ని.”

ఇంకోసారి చూద్దామని కేబుల్ చేతిలోకి తీసుకున్నాను. కొంగు తడిమాను. ముడి గట్టిగా తగిలింది. సరే, ఫ్యూజు నా దగ్గరే ఉందిగదా అనుకుని డబ్బాలోకి చెయ్యి పెట్టి కేబుల్ తగిలించాను. ల్యాప్‌టాప్ తెరిచాను. తెర నల్లగా ఉంది. ఉండాల్సిందే, కరెంటు లేదుగా. నాకు కాళ్ళూ చేతులూ ఊరికే ఉండవు, ఎంటర్ మీటని టకటకా నాలుగుసార్లు కొట్టాను.

తెర మీద నాలుగు బాణాలు, ఒకదాని కింద ఒకటి.

ముందు నాకు అర్థం కాలేదు. కరెంటు లేని బోర్డు జవాబు ఎట్టా ఇస్తుంది? డబ్బాలోకి చూశాను. ఎర్ర లైటు వెలుగుతోంది. ఫ్యూజు దాని స్థానంలో అది ఉంది. కొంగు విప్పి చూస్తే అందులో ఉన్నది ఇందాక పన్నెండింటప్పుడు పింగాణీ పగిలి కాలిపోతే నేనే మార్చిన పాత ఫ్యూజు. బాబాయ్‌కి చూపిద్దామని ముడేసుకుని మర్చిపోయాను. అంటే ఇంతసేపూ మెయిను లైను పక్కన, కరెంటుండగానే, గాజుల చెయ్యి పెట్టి తిప్పాను.

రెండడుగులు వెనక్కి వేసి గోడకి ఆనుకున్నాను. ఆపరేటరు పెద్దాయన రిజిస్టరులో ఏదో రాసుకుంటున్నాడు, చూడలేదు. చెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. బాగానే ఉంది. అప్పుడు మళ్ళీ ఆ నాలుగు బాణాల వైపు చూశాను.

బోర్డు చావలేదు, పవర్ చాలక పడిపోనూ లేదు. నిక్షేపంగా లేచి, మూడు సెకన్ల దగ్గర ఆగి, ఎవరో మీట నొక్కారనుకుని, ఏం చెయ్యమంటారని పొద్దుట్నుంచీ ఎదురుచూస్తోంది. మేమేమో ప్రతిసారీ ముందు ఫ్యూజు పీకి, తర్వాత కేబుల్ పెడుతున్నాం. పీకగానే అది మర్చిపోతుంది. కేబుల్‌తో మళ్ళీ మామూలుగా లేస్తుంది. దాని నోట్లో మాట ఉండగానే ప్రతిసారీ మేమే దాని నోరు మూశాం.

వేపచెట్టు దాకా చెప్పులు లేకుండా పరిగెత్తాను.

“అన్నా, బాణం! బాణం వేసుకుని కూర్చుంది!”

అన్న ముద్ద కంచంలో పడేశాడు. “ఫ్యూజు పీకితే బోర్డు ఆగిపోద్దిగా, బాణం ఎట్టా చూశావ్?”

చెప్పాను. “నీకేమన్నా పిచ్చా? చెయ్యి చూపించు,” అని నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చెయ్యి కూడా కడుక్కోకుండా లోపలికి నడిచాడు.

ఈసారి మేం ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేశాం. ఫ్యూజు పీకి, అది నిజంగా అదేనా అని చూసి ముడేసుకుని, బోర్డుని డబ్బాలోంచి పూర్తిగా ఊడదీశాం. కంప్రెసర్ పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు వేసి దాని మీద పెట్టాం. ఫోన్ పవర్ బ్యాంకుతో దానికి కరెంటిచ్చాం. ఐదు వోల్టులే కాబట్టి భయం లేదు. రెండోసారికే మొండికేసింది. దాన్ని ఆపకుండా కేబుల్ తగిలించి ఎంటర్ కొట్టాడు అన్న. బాణం.

“ఎవరు నొక్కార్రా బాబూ మీట?” అన్నాడు తనలో తాను.

నేను బోర్డు మీదకి వంగాను. కేబుల్ తగిలించే చోట మూడు పిన్నులుంటాయి. ఒకటి బోర్డు మాట్లాడేది, ఒకటి వినేది, ఒకటి ఎర్తు. కేబుల్ పెడితే వినే పిన్నుని ల్యాప్‌టాప్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. తీస్తే దాన్ని పట్టుకునేవాళ్ళు లేరు, గాల్లో ఉంటుంది.

“అన్నా, సెల్‌ఫోన్ షాపులో హెడ్‌ఫోన్ వైరు చివర వేలు పెడితే గుయ్యిమనేది. ఈ పిన్నుకి కూడా అట్టా...”

ఆయన నా వైపు తిరిగాడు. పక్కన కంప్రెసర్ మోటారు నేల అదిరేలా తిరుగుతోంది. ఆ మోటారు గోలంతా గాల్లో ఉన్న పిన్నుకి వినపడుతోంది. ఆ గోలనే మీట నొక్కడం అనుకుంటోంది బోర్డు. షాపులో అంత పెద్ద మోటారు లేదు. పైగా అక్కడ కేబుల్ ఎప్పుడూ తగిలించే ఉంటుంది.

“బోర్డు గీసింది నేను,” అన్నాడు అన్న మెల్లగా. “ఆ పిన్నుకి ఒక రెసిస్టర్ పెట్టాలి, అది దాన్ని పట్టుకుని ఉండుద్ది. నేనే పెట్టలా. నీ సోల్డరింగు తప్పేం లేదు.”

ఆ ఒక్క మాట కోసం పది రోజులు అన్నం సహించలేదు నాకు. తీరా అన్నాక, “మరి పెడదామా? ఐరన్ తెచ్చా,” అన్నాను.

ఆపరేటరు పెద్దాయన బల్ల మీద రిజిస్టర్లు పక్కకి జరిపి, ఆవగింజ కంటే కాస్త పెద్దదైన రెసిస్టర్‌ని వినే పిన్నుకీ, పవరుకీ మధ్య అతికించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మరీ వంగి చూశాడు. “దీనికా ఇంత గోల? ముక్కుపుడక రాయంత కూడా లేదే!”

సాఫ్ట్‌వేర్‌లో కూడా మార్చమన్నాను, ఏదో ఒక మీట కాకుండా ఒక పూర్తి మాట టైపు చేస్తేనే ఆగేలా. “ఆగు, కంగారు పడమాక. రెండూ ఒకేసారి చేస్తే దేనివల్ల నయమైందో తెలవదు. ముందు రెసిస్టర్,” అన్నాడు అన్న. ఇరవైసార్లు తీసి పెట్టాం. ఇరవైసార్లూ లేచింది. రెసిస్టర్ ఒక కాలు ఊడదీశాం, మూడోసారికి మొండికేసింది. మళ్ళీ అతికించాం. సాఫ్ట్‌వేర్ అప్పుడు మార్చాడు.

నాలుగింటికి మొహాలు కడుక్కుంటుంటే అన్న కుళాయి దగ్గర గొంతు తగ్గించి, “బాబాయ్‌కి పవర్ బ్యాంకుతోనే కనిపెట్టామని చెబుదాం. డబ్బాలో చెయ్యి పెట్టిన సంగతి ఎత్తమాక,” అన్నాడు. సరేనన్నాను.

ఐదింటికి బాబాయ్‌ని వెనక కూర్చోబెట్టుకుని షావుకారు తన స్కూటరు మీద వచ్చాడు. బాబాయ్ తనే ఫ్యూజు పీకాడు, పెట్టాడు. మూడుసార్లు కాదు, షావుకారు నమ్మకం కుదరక ఆరుసార్లు పెట్టించాడు. ఆరుసార్లూ ఆయన ఫోను టింగుమంది. “సరే భాయ్, మిగతా నాలుగూ పదిరోజుల్లో ఇయ్యి. ఆ పైన వద్దు, సరుకు దిగుతా ఉంది,” అని ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ముగ్గురం ఆటోలో కూర్చున్నాం. బాబాయ్ మంచి హుషారుగా ఉన్నాడు.

“సోల్డరింగు బానే ఉందంటగా. నేనే తొందరపడ్డాలే. ఇంతకీ ఆపకుండా కేబుల్ పెట్టి చూడాలని ఎవరికి తట్టింది?”

అన్న గబుక్కున, “పవర్ బ్యాంకుతో...” అని ఎత్తుకున్నాడు.

నా నోరు ఆగదు. చిన్నప్పట్నుంచీ అంతే. బాబాయ్ ముడుచుకున్న వేళ్ళు ఆటో కడ్డీని పట్టుకుని నా మొహానికి ఎదురుగా ఉన్నాయి. “తట్టలేదు బాబాయ్. ఫ్యూజు పీకాననుకుని చెయ్యి పెట్టాను. ముడిలో పాత ఫ్యూజుంది,” అనేశాను.

అన్న కళ్ళు మూసుకున్నాడు.

“ఎన్ని వేళ్ళున్నయ్యే నీకు?” అన్నాడు బాబాయ్.

“పది.”

“ఉండనీ.” రైలు గేటు దగ్గర ఆటో ఆగినప్పుడు, “వారం. మెట్లెక్కమాక,” అన్నాడు.

“బోర్డులు పది రోజుల్లో అన్నాడు కదా బాబాయ్,” అన్నాడు అన్న.

“హైదరాబాదు పంపుదాం. పద్ధతి పద్ధతే. నా తమ్ముడికో లెక్కా, దీనికో లెక్కా?”

న్యాయమే. న్యాయం కావడమే ఇంకా మండింది. వారం తర్వాత వెళ్ళేసరికి నా బల్ల మీద హైదరాబాదు నుంచి వచ్చిన బోర్డులుంటాయి. ఇంటికెళ్ళి అమ్మతో ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మే భయపడి నుదురు పట్టుకుని చూసింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి షాపు ముందుకెళ్ళాను. మెట్లు ఎక్కలేదు. ఎదురుగా ఉన్న టీకొట్టాయన్ని అడిగి ఒక స్టూలూ, ఎక్స్‌టెన్షన్ బోర్డూ తెచ్చుకున్నాను. మెట్ల కింద, రోడ్డు వారగా, నిన్న కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్ళిన నా ఐరనూ భూతద్దమూ పెట్టుకుని కూర్చున్నాను. బాబాయ్ వచ్చి షట్టరు ఎత్తుతూ నన్ను చూశాడు.

“ఏమే, ఏం చెప్పా?”

“మెట్లెక్కొద్దన్నారు. ఎక్కలా.”

ఆయన లోపలికి వెళ్ళాడు. చాలాసేపు ఏదో వెతుకుతున్న చప్పుడు. తర్వాత బయటికొచ్చి, మిగిలిన నాలుగింటి కోసం తెచ్చిపెట్టుకున్న ఖాళీ బోర్డులూ, విడిభాగాలూ ఉన్న అట్టపెట్టె పై మెట్టు మీద పెట్టి, నా వైపు చూడకుండా మళ్ళీ లోపలికి పోయాడు. నేను కింద నిలబడే చెయ్యి చాచి ఆ పెట్టెని అందుకుని, మొదటి బోర్డుకి రెసిస్టర్ అతికించడం మొదలుపెట్టాను.